అత్తమ్మ పచ్చబొట్టు, నాలుగున్నర వేల ఫొటో

మా మామయ్య జీవితంలో కోటు తొడగలేదు. పరకాల దగ్గర పల్లెలో పత్తి, మక్కజొన్న పండించిన మనిషికి కోటుతో ఏం పని? కానీ మా హాల్లో గోడ మీద ఆయన నల్లకోటు, ఎర్ర టైతో ఉంటారు. పోయిన రోజున ఇంట్లో పనికొచ్చే ఫొటో ఒక్కటీ దొరకలేదు. ఎవరిదో పెళ్లి గ్రూపు ఫొటో తీసుకెళ్తే, తల వరకు కత్తిరించి కింద కోటు అతికించి ఇచ్చారు. దగ్గరికెళ్లి చూస్తే ఎడమ భుజం మీద పక్కన నిలబడ్డాయన చెవి కొంచెం మిగిలిపోయి కనిపిస్తుంది. పద్నాలుగేళ్లుగా ఆ చెవికి కూడా దండ పడుతోంది.

అత్తమ్మకు ఇప్పుడు 74. ఆమెకంటూ ఉన్న ఫొటోలు రెండే, ఒకటి ఆధార్ కార్డుది, ఇంకొకటి పింఛను కోసం దిగింది. రెండింట్లోనూ పోలీసోళ్లు పట్టుకొచ్చినట్టు ఉంటుంది. మిగతావన్నీ ఎవరి పెళ్లిలోనో మూలకు కూర్చున్నవి, లేదంటే మా పాప సెల్ఫీలో సగం తల పడినవి. ఆమెకు రేపెప్పుడో కోటు అతికించే పరిస్థితి రాకూడదని నా మనసులో ఉంది. బయటికి మాత్రం "అందరం కలిసి ఒక మంచి ఫొటో దిగుదాం అత్తమ్మా" అన్నాను. ఆమెకు అర్థం కాలేదని నేను అనుకోను.

ఇది ఆ ఫొటో దిగిన స్టూడియో గురించి. హనుమకొండ చౌరస్తా నుంచి నడిచిపోయేంత దూరంలో, ఒక బిల్డింగు రెండో అంతస్తులో ఉంటుంది. పేరు రాయడం లేదు. వాళ్లు చేసిన మంచి పనులు చెప్పాలి, చేసిన ఒక పెద్ద తప్పు కూడా చెప్పాలి. ఆ తప్పును దిద్దారు కాబట్టి పేరు పెట్టి బజారుకీడ్చడం నాకిష్టం లేదు.

ముందు రేటు. ఒక గంట, ఆరుగురి వరకు, ఎడిట్ చేసిన పది ఫొటోలు, 12×18 సైజు ఫ్రేమ్ ఒకటి, అన్నీ కలిపి 4,500 రూపాయలు. అడ్వాన్సు వెయ్యి. పది దాటితే ఒక్కో ఫొటోకు 200. మేం ఐదుగురం: అత్తమ్మ, మా ఆయన, నేను, పదో తరగతి కొడుకు, రెండో తరగతి పాప.

మూడు చోట్ల అడిగాను. ఒకచోట "రండి మేడమ్, పది నిమిషాల పని" అన్నారు. పది నిమిషాల్లో మా పాప చెప్పులు కూడా విప్పదు. ఇంకోచోట కిలా వరంగల్‌లో కాకతీయ తోరణాల ముందు తీస్తామని అవుట్‌డోర్ ప్యాకేజీ చెప్పారు. వినడానికి బాగుంది. కానీ మోకాళ్ల నొప్పులున్న ముసలామెను ఆ రాళ్ల మధ్య ఎక్కడ నడిపిస్తాం? పైగా కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది, అక్కడ ట్రైపాడ్ పెట్టాలంటే ముందే అనుమతి తెచ్చుకోవాలి. తెస్తారా అని అడిగితే "అదంతా చూసుకుంటం మేడమ్" అన్నారు. ఆ మాట చాలాసార్లు విన్నాను కాబట్టి వదిలేశాను.

మూడో చోట ఫోనెత్తిన అబ్బాయి రేటు చెప్పేముందు నన్నే ప్రశ్నలడిగాడు. ఎంతమంది, ఎవరెవరి వయసెంత, కళ్లద్దాలు ఎవరికి ఉన్నాయి, చిన్నపాప మధ్యాహ్నం పడుకుంటుందా, పెద్దావిడకు షుగర్ ఉందా. షుగర్ సంగతి నీకెందుకయ్యా అంటే, "టైముకు తినకపోతే అవ్వ ముఖంల నీరసం కనవడ్తది మేడమ్, దాన్ని లైటుతోని దాయలేం" అన్నాడు. అక్కడే నాకు నచ్చాడు. ఉదయం పది గంటలకు రమ్మన్నాడు, టిఫిన్ తిని, మందులేసుకుని. రెండో శనివారం, బడి సెలవు. పెళ్లిళ్ల సీజన్లో ఆ స్లాట్ దొరకడమే గొప్ప.

నిజానికి ఈ ఫొటో ఆగస్టులోనే దిగాల్సింది. కొడుక్కి డెంగీ వచ్చి తగ్గిందని వేములవాడ రాజన్నకు మొక్కు చెల్లించి గుండు చేయించాం. జుట్టు నెలకు సెంటీమీటరు పైచిలుకే పెరుగుతుంది. దువ్వెన నిలవాలంటే మూడు నెలలు ఆగాల్సి వచ్చింది. వాడైతే ఆర్నెల్లు ఆగుదామన్నాడు. మీ ఇంట్లో ఎవరికైనా మొక్కు బాకీ ఉంటే ఫొటో తర్వాత తీర్చుకోండి, దేవుడు ఏమీ అనుకోడు.

బట్టల దగ్గర ఇంట్లో వారం రోజులు పంచాయితీ నడిచింది. ఫేస్‌బుక్‌లో చూసి అందరం ఒకే రంగు వేసుకుందామని నేననుకున్నాను. స్టూడియో అబ్బాయి వద్దన్నాడు. ఐదుగురూ ఒకే రంగైతే బతుకమ్మ చీరల పంపిణీకి లైన్‌లో నిలబడ్డట్టు ఉంటుందట. ముందు ఒకరి బట్టలు ఖాయం చేసుకుని, మిగతావాళ్లు అందులోని రంగులే పంచుకోవాలన్నాడు. ఆ ఒకరు అత్తమ్మే అని వేరే చెప్పక్కర్లేదు.

ఆమె బీరువాలో పట్టుచీరలు నాలుగున్నాయి. నేను నిండా జరీ ఉన్నది తీశాను. ఆమె ఒప్పుకోలేదు. అడుగు నుంచి ఒక గద్వాల చీర తీసింది. ఇటుకరంగు ఒళ్లు, మెంతిరంగు అంచు. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. "గిది మీ మామ తెచ్చిండు, గిదే కడ్తా" అంది. తర్వాత స్టూడియోలో తెలిసింది, అదే సరైన చీర అని. నిండా జరీ ఉంటే లైటు తిరిగి కొట్టి చీరే కనిపిస్తుంది, మనిషి కనపడదు. నూలు ఒళ్లు కాబట్టి మెరవకుండా, మడత మడతగా కూర్చుంది. మా ఆయనకు మెంతిరంగు లాల్చీ, నాకు ముదురు ఆకుపచ్చ చీర, కొడుక్కి గోధుమరంగు చొక్కా అనుకున్నాం.

అనుకోవడం వరకే. మా ఆయన రైల్వే ఉద్యోగి, కాజీపేటలో. ఆయనకు లాల్చీ అంటే ఎవరిదో పెళ్లి. కూతురు పుట్టినరోజుకు కొన్న సన్న నీలిగళ్ల చొక్కానే వేస్తానని భీష్మించుకున్నారు. స్టూడియో వాళ్లు మూడు రోజుల ముందు ఫోన్ చేసి, అందరి బట్టలూ మంచం మీద పక్కపక్కన పరిచి ఫొటో తీసి వాట్సాప్ చేయమన్నారు. చేశాను. నిమిషంలో జవాబొచ్చింది: "సార్ చొక్కా వద్దు మేడమ్." ఎందుకంటే చెప్పాడు. కెమెరా లోపల కాంతిని పట్టే చుక్కలు వరుసలుగా పేర్చి ఉంటాయి, చొక్కా గళ్లు కూడా వరుసలే. రెండు వరుసలు మరీ సన్నగా ఉండి ఒకదానిమీద ఒకటి పడితే లేని అలలు కనిపిస్తాయి. నేను హైస్కూల్లో మ్యాథ్స్ చెప్తాను, ఇలాంటిది వింటే చూడకుండా ఉండలేను. చొక్కాను హ్యాంగర్‌కు తగిలించి నా ఫోన్‌తోనే తీశాను. నాలుగడుగుల దూరం నుంచి బాగానే ఉంది. ఇంకో రెండడుగులు వెనక్కి జరిగితే జేబు మీద నీలం, పసుపు అలలు, చెరువులో రాయి వేసినట్టు. మా ఆయనకు చూపించాను. ఏమీ అనకుండా వెళ్లి లాల్చీ ఇస్త్రీకి ఇచ్చి వచ్చారు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో నేను గెలిచిన వాదాల్లో ఇదొకటి.

పాపకు మెరుపుబిళ్లల గులాబీ గౌను కావాలి. అది రోడ్డు మీద రేడియం బోర్డులాగా ఉంటుంది. అలాంటి రంగు వేసుకుంటే గడ్డం కింద, మెడ మీద ఆ గులాబీ నీడ పడుతుందని, తర్వాత దాన్ని తీయడం కష్టమని చెప్పారు. రెండో తరగతి పిల్లకు ఈ ముక్క ఎక్కుతుందా? చివరికి రాజీ: గ్రూపు ఫొటోలకు అమ్మ చెప్పిన లంగా జాకెట్టు, చివర్లో ఒక్కదానివే గౌనుతో రెండు. కాగితం మీద రాసి సంతకం పెట్టించుకుంది.

ఇక నేను చేసిన తప్పు. ఫేషియల్ ఐదు రోజుల ముందే చేయించుకున్నా, అంతవరకు బుద్ధిగానే ఉన్నాను. ముందురోజు సాయంత్రం అద్దం చూసుకుని కనుబొమ్మలు కొంచెం సర్దించుకుందామని పార్లర్‌కు పోయాను. పొద్దున లేచేసరికి కుడి కనుబొమ్మ పైన ఎర్రగా, చిన్న పొక్కులు. త్రెడింగ్ ఏదైనా మూడు రోజుల ముందే అయిపోవాలి. మా ఆయన కూడా తక్కువ తినలేదు. రాత్రి రంగేసుకుని చెవుల మీద నల్లమరకలతో తయారయ్యారు. కొబ్బరినూనె, దూది పెట్టి అరగంట రుద్దాను. కొడుకు గడ్డం మీది మొటిమను గిల్లబోతే చేయి మీద ఒక్కటిచ్చాను. మొటిమను ఫొటోలో తీసేయొచ్చు, గిల్లితే మిగిలే పుండును తీయడం కష్టం. వారంలో పోయేవాటిని తీసేస్తారు, ఎప్పటికీ ఉండేవాటిని ఉంచుతారు అని నేనప్పుడు నా అంతట నేనే అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

బట్టలు ఇంట్లో కట్టుకుని పోలేదు. ఇస్త్రీ చేసినవి హ్యాంగర్లతో కారులో వేలాడదీసి, పాత బట్టలతో పోయాం. సీటుబెల్టు పెట్టుకుంటే లాల్చీ మీద అడ్డంగా మడత పడుతుందని చెప్పింది నేనే, ఆ క్రెడిట్ నాదే. సేఫ్టీపిన్నులు, దువ్వెన, అత్తమ్మకు బిస్కెట్లు, మంచినీళ్లు. పాపకు సకినాలు, చేతికీ బట్టకీ అంటని తిండి. టమాటా సాస్ ఉన్నదేదీ దగ్గరికి రానివ్వలేదు.

పది గంటలకు బిల్డింగు ముందు దిగాం. లిఫ్ట్ లేదు. కళ్లద్దాల దగ్గర్నుంచి షుగర్ దాకా అన్నీ అడిగిన అబ్బాయి, మెట్లెక్కగలరా అని మాత్రం అడగలేదు. నేనూ అడగలేదు. ముప్పై ఆరు మెట్లు, నేను లెక్కపెట్టాను. అత్తమ్మ మధ్యలో రెండుసార్లు ఆగింది. "ఫొటో కోసం గింత ఎక్కుడైతే యమలోకపోళ్లన్న లిఫ్ట్ పెట్టుకున్నరేమో" అంది. నాకు నవ్వు రాలేదు. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు ఏ అంతస్తు, లిఫ్ట్ ఉందా అన్నది మొదటి ఫోన్‌లోనే అడగండి. ఈ ఒక్క విషయంలో నేను ఐదుకు ఒకటే ఇస్తాను.

పైకి వెళ్లాక మాత్రం తొందరపెట్టలేదు. పావుగంట కూర్చోబెట్టి నీళ్లిచ్చారు, ఏసీ తగ్గించారు. ఆ పావుగంట మా ఆయనకూ కలిసొచ్చింది. ఆయనవి ఎండలో నల్లబడే కళ్లద్దాలు. బండి పెట్టిన చోటు నుంచి ఎండలో నడిచొచ్చేసరికి విలన్ వేషంలాగా ఉన్నారు. అవి మామూలుగా తెల్లబడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఇలాంటి అద్దాలుంటే పది నిమిషాల ముందే లోపలికి పోయి కూర్చోవాలి, లేదా పాతవి తెచ్చుకోవాలి. ఆ తర్వాత ఫ్లాష్ వెలుగు అద్దంలో తెల్లగా పడుతుంటే అబ్బాయి వచ్చి కాడలను చెవుల మీద ఒక వేలు మందం పైకి లేపాడు. అద్దం కొంచెం కిందికి వంగింది, తెలుపు మాయమైంది. ఇంతే కిటుకు.

బట్టలు మార్చుకునే గది చిన్నది. అద్దం పైన బల్బు లేదు, కొక్కెం ఒక్కటే. కానీ చీరలు సర్దడానికి ఒక అమ్మాయిని పెట్టారు. అత్తమ్మ కొంగు కుచ్చులు ఎంత ఓపిగ్గా పిన్నులు కనపడకుండా పెట్టిందో. ఫొటోలకు ఆడవాళ్లను ఆడవాళ్లే సిద్ధం చేయడం మన దగ్గర కొత్త కాదు. ఆరో నిజాం కాలంలో ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్, పరదాలో ఉండే ఆడవాళ్ల కోసం 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియోనే వేరుగా పెట్టించి, ఒక ఇంగ్లీషావిడకు అప్పగించారు. ఈ ముచ్చట చెప్తే పిన్నులు పెడుతున్న అమ్మాయి, "ఆమెకు జీతమెంత మేడమ్?" అని అడిగింది. సరైన ప్రశ్నే.

ఇక అసలు ఫొటో. అబ్బాయికి ముప్పై ఏళ్లుంటాయి. కెమెరా పట్టుకోకముందు పది నిమిషాలు అత్తమ్మతో పత్తి రేటు గురించి మాట్లాడాడు. వాళ్లదీ ములుగు వైపు పల్లెనట. చేతుల్లేని కుర్చీ వేసి ఆమెను కూర్చోబెట్టాడు. చేతులున్న కుర్చీలో భుజాలు పైకి లేస్తాయట. కుర్చీ ఎత్తుకు ఆమె కాళ్లు నేలకు ఆనలేదు, మడమలు గాల్లో ఉన్నాయి. ఎవరమూ గమనించలేదు. అతను లోపలికి పోయి ఒక కర్రపీట తెచ్చి పాదాల కింద పెట్టాడు. చీర కుచ్చిళ్లు దాని మీద పడి పీట కనపడలేదు. పాదాలు ఆనగానే ఆమె నడుము నిటారైంది, చేతులు ఒళ్లో కుదురుకున్నాయి. అంతవరకు బస్టాండులో కూర్చున్నట్టున్న మనిషి తన ఇంటి అరుగు మీద కూర్చున్నట్టు అయింది. నాలుగున్నర వేలలో వెయ్యి రూపాయలు ఆ పీటకే ఇవ్వొచ్చు.

లైటు ఎడమవైపు నుంచి, మంచమంత తెల్లగుడ్డ పెట్టె. పెద్ద వెలుగు దగ్గర్నుంచి పడితే ముడతల నీడలు మెత్తబడతాయి. అతను మాత్రం మాకు బాగా దూరంగా నిలబడి తీశాడు. నేను ఫోన్‌తో దగ్గర్నుంచి తీస్తే అందరి ముక్కులూ పెద్దవైపోతాయి కదా, ఆ బాధ లేదు.

అత్తమ్మ నవ్వదు. ఆమె కాలంలో ఫొటో అంటే ఊపిరి బిగబట్టి చూడటమే. పైవరుసలో రెండు పళ్లు లేవు కాబట్టి నవ్వొస్తే చేయి నోటికి అడ్డం వస్తుంది. ఇరవై నిమిషాలు "అవ్వా, కొంచెం నవ్వు" అంటే ఆధార్ కార్డు ముఖమే పెట్టింది. "నవ్వనీకి ఏమైంది గిప్పుడు?" అని ఎదురు ప్రశ్న. అప్పుడు మా పాప, గౌను వంతు ఇంకా రాలేదని విసిగిపోయి, నానమ్మ మోకాలికి ఆనుకుని అడిగింది: "నానమ్మా, తాత ఆ కోటు ఏ షాపుల కొన్నడు?"

అత్తమ్మకు ఒక్క క్షణం పట్టింది. తర్వాత భుజాలు కదిలాయి, కళ్లు మూసుకుపోయాయి, చేయి ఒళ్లోంచి లేచింది. చేయి నోటి దాకా వచ్చేలోపు కెమెరా మూడుసార్లు చప్పుడు చేసింది. మా ఆయన తలవంచి నవ్వు ఆపుకుంటున్నారు, కొడుకు పళ్లన్నీ కనిపిస్తున్నాయి, నేను ఎటో చూస్తున్నాను. ఫొటో పాఠాల ప్రకారం అది తప్పుల తడక. మేం ఫ్రేమ్ కట్టించుకున్నది దాన్నే.

గౌను ఫొటోలు రెండూ తీశారు. ఒప్పందం ఒప్పందమే.

ఐదు రోజుల్లో ఇస్తామన్నవి తొమ్మిదో రోజు వాట్సాప్‌లో వచ్చాయి. సాయంత్రం అందరం చుట్టూ చేరి చూశాం. మొదటి చూపుకు అబ్బా అనిపించింది. రెండో చూపుకు ఏదో తేడా. అందరం తెల్లబడ్డాం. పాప ముఖం ఒక రంగు, చేతులు ఒక రంగు. నా బుగ్గ మీద పుట్టుమచ్చ లేదు. సరే, పోనీ అనుకున్నా. అత్తమ్మ కళ్లజోడు పెట్టుకుని ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"నా బొట్టేది?"

ఆమె నుదుటి మీద, కనుబొమ్మల మధ్య, శనగగింజంత పచ్చబొట్టు ఉంటుంది. ముంజేతి మీద తేలు బొమ్మ. పన్నెండేళ్లప్పుడు జాతరలో పొడిపించుకున్నదట. మామయ్య పోయాక ఆమె కుంకుమ పెట్టుకోవడం మానేసింది, మాన్పించారు అనాలి. గాజులు తీయించిన వాళ్లకు ఆ పచ్చబొట్టును తీయించడం చేతకాలేదు. ఫొటోలో నుదురు నున్నగా, గోడకు సున్నం వేసినట్టు ఉంది. తేలు కూడా లేదు.

ఆమె ఫోన్ తిరిగిచ్చేసి లేచి వెళ్లింది. కోపంగా కూడా లేదు, అదే నాకు కష్టమైంది.

మర్నాడు బడి నుంచి నేరుగా స్టూడియోకు పోయాను, ఆ ముప్పై ఆరు మెట్లు కోపంతో ఎక్కాను. అబ్బాయి ఫొటో చూసి తల పట్టుకున్నాడు. ఎడిటింగ్ బయట ఇంకొకరికి ఇస్తారట. అక్కడ కూర్చున్న మనిషి అవ్వను చూసింది లేదు, నుదుటి మీద పచ్చగా కనిపిస్తే మరక అనుకున్నాడు. తెల్లబరచడమైతే అడగకుండానే చేస్తారట, చేయకపోతే కస్టమర్లు గొడవ పెడతారట. "ముప్పై మందిల ఇరవై తొమ్మిది మంది తెల్లగ చెయ్యమనే అంటరు మేడమ్" అన్నాడు. ఉండొచ్చు. ఆ ముప్పయ్యో మనిషిని అడగడానికి ఒక ఫోన్ కాల్ చాలు కదా అన్నాను. చొక్కా గళ్ల గురించి ఫోన్ చేసినవాళ్లు ముఖం గురించి చేయలేరా? దానికి అతని దగ్గర జవాబు లేదు, సాకు కూడా చెప్పలేదు. అది నాకు నచ్చింది.

అదృష్టం ఏమిటంటే కెమెరా తీసిన అసలు ఫైళ్లు అతని దగ్గర అలాగే ఉన్నాయి. తనే కూర్చుని మొదటి నుంచి చేస్తానన్నాడు. నేను పక్కన కుర్చీ వేసుకుని కాగితం మీద రాసిచ్చాను: అత్తమ్మ నుదుటి బొట్టు, ముంజేతి తేలు, నా పుట్టుమచ్చ, మా ఆయన గడ్డం మీది పాత గాటు, వీటి జోలికి పోవద్దు. రంగు మార్చొద్దు. కొడుకు మొటిమ, నా కనుబొమ్మ మీది ఎరుపు తీసేయొచ్చు. ఈ కాగితం అడ్వాన్సు కట్టిన రోజే ఇచ్చి ఉండాల్సింది. పచ్చబొట్లు, మచ్చలు, పాత గాట్లు ఉన్న పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు ముందే రాసివ్వండి, నోటిమాట చాలదు.

నాలుగు రోజుల్లో కొత్తవి ఇచ్చాడు, పైసా తీసుకోలేదు. నవ్వు ఫొటోను పదకొండోదిగా ఉచితంగా కలిపాడు. ఈసారి నేను పెన్‌డ్రైవ్ తీసుకెళ్లాను. ఎందుకంటే వాట్సాప్‌లో వచ్చిన ఫొటో పొడవు 1600 చుక్కలే. దాన్ని 18 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 90 చుక్కలు కూడా రావు. మంచి ప్రింటుకు 300 ఉండాలి, అంటే 12×18కి 3600×5400. పెన్‌డ్రైవ్‌లోవి దానికి సరిపోయాయి. వాట్సాప్ ఫొటోను బయట ప్రింట్ చేయించి, స్టూడియో బాగాలేదని తిట్టుకునేవాళ్లు మా స్టాఫ్‌రూమ్‌లోనే ఇద్దరున్నారు.

ఫ్రేమ్ 16×20 తీసుకోమని కౌంటర్ దగ్గర ఒత్తిడి చేశారు, ఇంకో 900 అని. వద్దన్నాను. పెద్ద కెమెరాలో బొమ్మ మూడుకు రెండు నిష్పత్తిలో పడుతుంది, 12×18 కూడా అదే, అంగుళం కూడా కోత పోదు. 16×20 అంటే ఐదుకు నాలుగు. అడ్డం ఫొటోలో అటూ ఇటూ కోయాల్సిందే, మా కొడుకు మోచేయి సగం ఎగిరిపోయేది. మరోసారి ఎవరి చెవో, ఎవరి మోచెయ్యో తెగిన ఫొటో మా గోడ మీద వద్దు. అద్దం బదులు మ్యాట్ లామినేషన్ అడిగాను. హాల్లో ట్యూబ్‌లైట్ ఎదురుగా ఉంటుంది, మెరిసే ప్రింటైతే ట్యూబ్‌లైటే కనిపిస్తుంది.

మొత్తం మీద వెలుగుకు, ఓపికకు, ఆ కర్రపీటకు ఐదుకు ఐదు. ఎడిటింగ్‌కు మొదట సున్నా, దిద్దాక నాలుగు. మెట్లకు ఒకటి అని ముందే చెప్పాను. మళ్లీ పోతానా అంటే పోతాను, అత్తమ్మను మాత్రం ఆ మెట్లు ఎక్కించను.

ఫ్రేమ్ తీసుకోవడానికి వెళ్లిన రోజు, ఉండబట్టలేక మామయ్య ఫొటో కూడా పట్టుకెళ్లాను. కోటు తీసేసి మామూలు తెల్లచొక్కా పెట్టి, ఆ చెవి తుడిచేయగలరా అని అడిగాను. చేస్తాం, 1,200 అవుతుంది అన్నారు. ఇంటికొచ్చి అత్తమ్మకు చెప్పాను. ఆమె కొత్త ఫ్రేమ్‌లో తన నుదుటి మీది చుక్కను చూపుడువేలితో తడుముతోంది. తలెత్తకుండానే అంది:

"ఉండనియ్ బిడ్డా. గా కోటుల మంచిగనే ఉన్నడు."